ప్రార్థన కూటం రోజున కాచిన బీరు

ఇంట్లో బీరు కాయాలని మీలో ఎవరికైనా ఉబలాటంగా ఉంటే, ఒక్క అయిదు నిమిషాలు ఆగి నా గోడు వినండి. నేను ఇల్లు తగలబెట్టలేదు. ఒలకబొయ్యలేదు. వట్టి నీటి ఆవిరితోనే నా కాపురాన్ని అంచుదాకా తీసుకెళ్ళాను!

అప్పుడు మేం న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. పెళ్ళయిన కొత్త. మంచి చలికాలం. మా తెలుగు చర్చివాళ్ళ శనివారపు గృహప్రార్థన మొదటిసారి మా ఇంట్లో జరగబోతోంది. నా భార్య గ్రేస్ వారం నుంచీ ఇల్లు తుడుస్తూనే ఉంది. "పాస్టర్‌గారి ముందు నా పరువు తీశావో, మర్నాడే మా అమ్మావాళ్ళింటికి టికెట్ బుక్ చేసుకుంటా," అని ముందే చెప్పింది.

అలాంటి శనివారం, ఆమె సమోసాలు తేవడానికి ఓక్ ట్రీ రోడ్‌కి వెళ్ళీ వెళ్ళగానే, నేనూ నా స్నేహితుడు రమేషూ కలిసి పెద్ద గుండిగతో బీరు పొయ్యి మీద పెట్టేశాం. ఆ రోజే ఎందుకంటారా? ఆన్‌లైన్‌లో తెప్పించిన సరంజామా మంచం కింద దాచి దాచి నాకు ఓపిక చచ్చిపోయింది. అంతకంటే గొప్ప కారణం ఉంటే నేనూ వినాలనే ఉంది.

"గంటసేపు మరగాలె అన్నా. మూత పెట్టొద్దు, పెడితే పాడు వాసనంత బీర్లనే ఉండిపోతది," అన్నాడు రమేష్. వాడిది వరంగల్, వాడి పాండిత్యం వీడియోలది.

"కిటికీలు తెరుద్దామా మరి?"

"తెరిస్తే కింది ఆంటీకి వాసన పోదా?"

కింది అంతస్తు రత్నం ఆంటీ మా చర్చి మనిషే. మా రసంలో ఇంగువ తక్కువైతే మెట్లెక్కి వచ్చి చెప్పే ముక్కు ఆవిడది. అందుకని కిటికీలన్నీ బిగించాం. తలుపు కింద తువ్వాలు దోపాం. హాల్లో పొగ అలారానికి షవర్ క్యాప్ తొడిగాం. అమెరికాలో చేపల వేపుడు చేసుకునే తెలుగువాడికి ఈ విద్య ఒకరు నేర్పాలా! ఆవిరి సంగతి పొయ్యి మీది హుడ్ చూసుకుంటుందని ఫ్యాన్ ఫుల్‌లో పెట్టాను.

హుడ్ బ్రహ్మాండంగా చూసుకుంది. కింద పీల్చిన ఆవిరినంతా పైసందులోంచి సరాసరి నా నుదుటి మీద ఊదింది! దానికి బయటికి గొట్టమే లేదని అప్పుడు తెలిసింది.

చూస్తుండగానే వంటిల్లు మాయమైపోయింది. "రమేష్, ఎక్కడున్నావురా?" అని అరిచాను.

"ఫ్రిజ్ పక్కకే ఉన్ననే! నువ్వేడున్నవ్?"

పైకప్పు నుంచి చుక్కలు నా నెత్తిన పడుతున్నాయి. గ్రేస్ ఉతికి కట్టిన పరదాలు అద్దాలకు అతుక్కుపోయాయి. గోడమీది కొత్త సంవత్సరం బైబిలు వాక్యపు వాగ్దాన కార్డు మెల్లగా జారి సోఫా వెనక్కి పోయింది. ఇంతలో బెడ్‌రూమ్‌లో అలారం, దానికి క్యాప్ తొడగడం మరిచిపోయాం కదా, కెవ్వుమంది. నేను స్టవ్ ఆపేసి, పరుగెత్తి వీధి తలుపు తెరిచాను.

మేఘం నాకంటే ముందు బయటికి దూకింది. అది పలచబడ్డాక చూస్తే ఎదురుగా పాస్టర్‌గారు, పక్కన రత్నం ఆంటీ, వెనక చర్చివాళ్ళు పదిమంది. మంచు పడేలా ఉందని ముందే వచ్చేశారట. అందరి వెనకా సమోసాల ట్రేతో గ్రేస్!

"ఏంటి నాయనా, ఇంత ఆవిరి?" అన్నారు పాస్టర్‌గారు.

"జలుబండీ! రమేష్‌కి! ఆవిరి పట్టిస్తున్నాను!" అంటూ వెనక్కి దూకి, దొరికిన దుప్పటి రమేష్ నెత్తిన వేసి, వాడి మెడ గుండిగ మీదికి వంచాను.

"చస్తున్ననే..." అన్నాడు లోపల్నుంచి.

"చూశారా, గొంతు ఎలా పోయిందో!"

ఆంటీ గుండిగలోకి తొంగిచూసింది. "ఒక్కడికి ఇంత నీళ్ళేంటి బాబూ? ఈ ఆకుపచ్చదేంటి?"

"జలుబు బాగా ముదిరిందండీ. అది... ఇక్కడి మూలిక. కఫానికి." నిజానికది బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వు.

గ్రేస్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపున గుచ్చుకుంటుంది. ఆంటీ మాత్రం, "నాకూ వారం నుంచి ముక్కు దిబ్బడే," అంటూ రమేష్‌ని పక్కకు నెట్టి తనే దుప్పట్లో దూరింది. అంటే, వారం నుంచీ వాసనే పట్టని ముక్కుకి భయపడి మేం కిటికీలు బిగించామన్నమాట! కాసేపటికి ఆవిడ ఎర్రటి మొహంతో బయటికొచ్చి, "దేవునికి స్తోత్రం! తెరుచుకుంది పాస్టర్‌గారూ!" అని కేకేసింది.

ఇక చూడండి, నా వంటింట్లో క్యూ! అంతటితో ఆగితే బాగుండేది. "లోపలికి పుచ్చుకుంటే దగ్గుకీ మంచిదే," అని ఆంటీ గరిటె అందుకుంది. పులియబెట్టే ఈస్ట్ ఇంకా వేయలేదు కాబట్టి మత్తుండదు, దేవుడు కాపాడాడు. సమోసాతో పాటు గ్లాసు గ్లాసుగా నా బీరంతా నా కళ్ళముందే చర్చి కడుపులోకి వెళ్ళిపోయింది. రోగులను ఇంత ప్రేమగా చూసుకునే ఈ ఇంటిని దీవించమని పాస్టర్‌గారు ప్రార్థించారు. అందరికంటే గట్టిగా గ్రేసే ఆమెన్ అంది, నా తొడ గిల్లుతూ.

అందరూ వెళ్ళాక, "టికెట్ బుక్ చేసుకుంటున్నావా?" అని అడిగాను.

"ఎలా చేసుకుంటాను? వచ్చే శనివారం కూడా కూటం మనింట్లోనేనట. ఎడిసన్ నుంచి ఇంకో మూడు కుటుంబాలు వస్తున్నాయి, నీ కషాయం కోసం. ఇంకాస్త పెద్ద గుండిగ కొను," అంది గ్రేస్.

కొన్నాను. నాలుగు చలికాలాలుగా, కిటికీలన్నీ బార్లా తెరిచి, ఈస్ట్ వేసే ముందు దాకా కాచి, కషాయమని కూటానికి ఇచ్చేస్తున్నాను; ఒక్క గ్లాసైనా బీరయ్యేదాకా మిగల్లేదు. కాబట్టి మీ అందరి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ ఇంట్లో బీరు కాయను. మా నమ్మకంలో వచ్చే జన్మ లేదు గనుక, నా దుఃఖం ఎంతటిదో మీరే గ్రహించండి.