పెద్దావిడ వెతికిన చోటు

జర్మనీలో చచ్చిపోయినవాళ్ళు కూడా మీటె కట్టాలని నాకు తెలిసింది కరోనా రెండో ఏడు, మా ఇంటి మెట్ల మీద. మీటె అంటే అద్దె. పాడర్‌బోర్న్ శివార్లలో మేము కింది వాటాలో ఉండేవాళ్ళం, ఇంటి ఓనరు పెద్దావిడ పై వాటాలో. లాక్‌డౌన్‌లో ఆవిడ పై మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, నేను కింది మెట్టు మీద కాఫీ కప్పుతో కూర్చుని రోజూ కబుర్లాడుకునేవాళ్ళం. నా జర్మన్ అంతంత మాత్రం. అయినా నోరు ఊరుకోదు కదా, ఏదో ఒకటి అడిగేదాన్ని.

ఆ రోజు "మీ అమ్మగారి సమాధి దగ్గరికి వెళ్తుంటారా" అని అడిగాను. సమాధి లేదంది. పట్నం శ్మశానంలో చోటు కొన్నేళ్ళకే ఇస్తారట. గడువు పొడిగించుకునే వాళ్ళు లేకపోతే రాయి తీసేసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. వాళ్ళమ్మ రాయి అలాగే పోయింది, ఈవిడ భర్తతో హాంబర్గ్‌లో ఉన్న రోజుల్లో. పెద్దావిడకు పిల్లలు లేరు. భర్త హాంబర్గ్ ఓడల్లో పనిచేసిన మనిషి, కోరినట్టే ఆయన బూడిద సముద్రంలో కలిపారు. "నన్నూ అలాగే తీసేస్తారు" అంది, పాత సోఫా గురించి చెప్పినంత మామూలుగా. మనం కాల్చి ఏట్లో కలిపేస్తాం, చోటు గొడవే లేదు. కానీ ఇచ్చిన చోటు మళ్ళీ లాక్కోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు.

ఆవిడకు ఒక్క ఆశ ఉంది. తల్లి పుట్టిల్లు అక్కడికి గంట దూరంలో, పల్లెలో పెద్ద పొలం. ఆ పొలం అంచున ఆ కుటుంబానికే సొంతమైన పాత సమాధుల తోట ఉంది. అక్కడ రాళ్ళు ఎవరూ తీయరు. ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళను అక్కడ పూడ్చుకోవచ్చు. తనకూ అక్కడ చోటు కావాలని ఆవిడ కోరిక. ఇప్పుడు పొలం చూసుకుంటున్నది ఆవిడ మేనమామ మనవడు. ఫోన్ చేసి అడిగితే మర్యాదగానే కాదన్నాడట. "మొదటి రాయి నుంచీ తండ్రి పేరు కొడుక్కి వస్తున్న వంశం మాది. పెళ్లయి వెళ్ళిన ఆడపిల్లలు వేరే ఇంటివాళ్ళు. తాతగారు పెట్టిన పద్ధతి ఇది."

వేరే ఇంటివాళ్ళు అన్న మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మాట వినడానికి ఇంత దూరం రావాలా? గుంటూరులోనే కావలసినంత దొరుకుతుంది. "పదండి, మనమే వెళ్ళి ఆ రాళ్ళు చూద్దాం" అన్నాను. ఏం చూస్తామో నాకూ తెలియదు.

ఇంట్లో చెప్పగానే మా ఆయన మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, "శ్మశానానికా? షికారుకి నీకింకెక్కడా టెర్మిన్ దొరకలేదటే?" అన్నాడు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్, ఇక్కడ అది లేనిదే ఏ పనీ జరగదు.

"ఊరంతా మూసేస్తే అక్కడే గదా తెరిచింది" అన్నాను.

"సరే పో. వచ్చాక తల మీద నీళ్ళు పోసుకున్నాకే లోపలికి రా."

శనివారం పొద్దున్నే బయలుదేరాం. కారు అద్దాలన్నీ దించి, ఇద్దరం మాస్కులు పెట్టుకుని, ఆవిడ వెనక సీట్లో. గాలికి ఆవిడ తెల్లజుట్టు చెదిరిపోయి చిన్నపిల్లలా ఉంది. ఒళ్ళో ఒక బకెట్టు, అందులో గిన్నెలు తోమే బ్రష్షు, మొక్కల పార. ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ కరోనా వల్ల వాయిదా మీద వాయిదా పడుతోంది. మనుషులను గొంతును బట్టే గుర్తుపడుతోంది. మరి రాళ్ళను ఎలా చదువుతుందని దారిలో అడిగాను. "మీరు చదువుతారుగా" అంది ధీమాగా.

తోట ఎంతో లేదు. నాలుగు ఓక్ చెట్లు, నడుము ఎత్తు రాతిగోడ, తాళం లేని ఇనుప గేటు, గడ్డిలో పక్కకు ఒరిగిన రాళ్ళు. గోడ అవతల రాప్స్ చేలు మన ఆవచేలలాగే పచ్చగా పూసి ఉన్నాయి. ముందు రాయి దగ్గర కూర్చుని నాచు గీకి చూద్దును కదా, ఒక్క అక్షరం నాకు అంతుపట్టలేదు. అవి పాతకాలపు జర్మన్ అక్షరాలు, అన్నీ కొక్కేలు, తోకలు. పదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నానన్న నా గర్వం అక్కడే చతికిలబడింది. ఆవిడకేమో ఆ అక్షరాలు చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవే, కానీ కనపడవు. కనపడే నాకు చదవడం రాదు, చదవగలిగే ఆవిడకు కనపడదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

అప్పుడు నాకు గేటు దగ్గరి ఇసుక బాట కనిపించింది. చీపురుపుల్ల లాంటి కొమ్మ ఒకటి విరుచుకుని, రాయి మీది అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఇసుకలో చాపంత పెద్దదిగా గీశాను. ముగ్గులు వేసిన చెయ్యి, వంకర ఎక్కడ తిరిగితే అక్కడే తిరిగింది. ఆవిడ దూరంగా నిలబడి, తల పక్కకు వంచి చూసి, ఆ అక్షరం పేరు చెప్పింది. ఇంకొకటి గీశాను, అదీ చెప్పింది. అంతే, ఇద్దరికీ పూనకం వచ్చినట్టయింది. నేను రాయి దగ్గరికి పరుగు, బాట దగ్గరికి పరుగు. ఆవిడ కర్రతో నేల కొడుతూ "తర్వాత, తర్వాత" అంటోంది. ఆవిడ తాత, ముత్తాత ఒక్కొక్కరే ఇసుకలోకి వచ్చి నిలబడ్డారు. అందరికీ ఆ పొలం పేరే ఇంటిపేరు. కోడళ్ళ రాళ్ళ మీద మాత్రం పుట్టింటి పేరు కూడా చెక్కారు, అది నాకు భలే నచ్చింది. ఇంత సంతోషంగా నేను కరోనా మొదలయ్యాక ఎప్పుడూ పరుగెత్తలేదు.

అన్నిటికంటే పాత రాయి మూలన ఉంది, భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే. భర్తకు పొలం పేరు. భార్యకు పొలం పేరు, దాని కింద పుట్టింటి పేరు. ఆ పుట్టింటి పేరు ఇసుకలో సగం గీసేసరికే నా చెయ్యి ఆగిపోయింది. అది కూడా పొలం పేరే.

"అన్నాచెల్లెళ్ళు పెళ్లి చేసుకున్నారా?" అన్నాను. నోరు జారింది. ఒకే ఇంటిపేరు అనగానే మన బుర్ర ఇంకెటు పోతుంది?

పెద్దావిడ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో అలాంటివి లేవు" అంది. ఆ మాట మర్యాదగా అంటూనే నాకు రెండడుగులు దూరం జరిగింది, ఆ దూరం కరోనా దూరం కాదు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాయినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చాడు మా తాతయ్య. అమ్మమ్మ ఒక్కతే కూతురు కాబట్టి ఆయన ఇల్లరికం వచ్చాడు. ఆయన అసలు ఇంటిపేరు ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. పోస్ట్‌మన్‌తో సహా అందరూ అమ్మమ్మ వాళ్ళ ఇంటిపేరుతోనే పిలిచేవారు, ఆయనా పలికేవాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఈయన ఈ ఇంటివాడు కాదు. అల్లుడు. పొలం ఆవిడది, పేరు కూడా ఆవిడదే" అన్నాను. ఇల్లరికం అన్నదాన్ని నాకొచ్చిన జర్మన్‌లో, చేతులు తిప్పుతూ చెప్పాను. ఆవిడ రాయి దగ్గరికొచ్చి పై అంచును చేత్తో తడిమింది. తర్వాత "మా అమ్మమ్మ అంటుండేది, ఈ ప్రాంతంలో పొలం మనిషికి చెందదు, మనిషే పొలానికి చెందుతాడని" అంది నెమ్మదిగా.

ఊహ అయితే బాగానే ఉంది, రుజువు కావాలి కదా. రాయి అడుగుభాగం మట్టిలో కూరుకుపోయి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని పారతో గడ్డి తవ్వాను. వానలు తగలని చోటు కాబట్టి కింది అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. ఒక్కొక్కటే ఇసుకలో గీస్తుంటే పెద్దావిడ గొంతు పెరుగుతూ వచ్చింది. వేరే ఊరు, వేరే ఇంటిపేరు, ఆ తర్వాత "ఇక్కడి కూతురిని పెళ్లాడి ఈ పేరు స్వీకరించినవాడు." చివరి మాట చదివి ఆవిడ మాస్కు కిందికి లాగి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నేను ఆవిడను కౌగిలించుకోబోయి, దూరం గుర్తొచ్చి, ఓక్ చెట్టును కౌగిలించుకున్నాను.

మా హడావుడి వినబడిందేమో, మేనమామ మనవడు చేలోంచి నడిచొచ్చాడు. అరవై దాటిన మనిషి, బూట్ల నిండా బురద. గోడ అవతలే నిలబడి ఏం జరిగిందని అడిగాడు. ఆవిడ కర్రతో ఇసుకను చూపించింది. అతను ఇసుక చదివాడు, లోపలికి వచ్చి రాయి చదివాడు, మళ్ళీ ఇసుక చదివాడు. పుట్టినప్పటి నుంచీ ఆ రాయి చుట్టూ గడ్డి కోస్తున్నాడట, కింద ఇంకో వరుస ఉందని ఎవరూ చెప్పలేదట.

"అయితే మేమంతా ఆడపిల్ల సంతానమే" అన్నాడు చివరికి. టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "తాతగారికి ఇది తెలిసి ఉండదు." ఆవిడ వైపు తిరిగి, "మీకు ఎక్కడ కావాలి?" అని అడిగాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ మాత్రం ఇల్లు చూడటానికి వచ్చినంత నింపాదిగా గోడ వెంట నడిచింది. కర్రతో తడుముకుంటూ ఆ పాత రాయి పక్కన, గోడకు దగ్గరగా ఉన్న గడ్డిలో ఆగింది. "ఇక్కడి నుంచి ఏం కనిపిస్తుందో నాకు తెలియాలి" అంది. నేను నిలబడి చూసి చెప్పబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నిలబడి కాదు."

మా అమ్మ చూస్తే అక్కడే మూర్ఛపోయేది. ఆ తడిగడ్డిలో వెల్లకిలా పడుకుని ఒక్కొక్కటే చెప్పాను. ఓక్ కొమ్మలు, లేత ఆకులు, మధ్యలో నీలంగా ఆకాశం, తల కొంచెం తిప్పితే గేటు ఊచల్లోంచి పచ్చటి చేను, ఆ వెనక వాళ్ళమ్మ పుట్టిన ఇంటి ఎర్ర పెంకులు. ఆవిడ కళ్ళు మూసుకుని అంతా విన్నది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"బాగుంది" అంది. తర్వాత కర్రతో నా భుజం మెల్లగా తట్టింది.

"ఇక లేవండి. అది నా చోటు."