చీకటి బొమ్మలో చార

విమానాలు దిగే దారి కింద ఉన్న శంషాబాద్ షెడ్డులో, టెలిస్కోపు కెమెరా సెన్సర్లను పరీక్షించే కంట్రోల్ బోర్డుతో యేసుమణి నాలుగేళ్లుగా కుస్తీ పడుతోంది. చీకటి గదిలో సెన్సర్‌ను గడ్డకట్టేంత చల్లబరిచి బొమ్మ తీస్తుంది. వెలుతురే లేని బొమ్మ నల్లగా రావాలి, కాని బోర్డు లోపంతో రోజూ తెల్లచారలు వస్తాయి. తీగలు మార్చింది, బయటి విద్యుత్ తరంగాలు సోకకుండా రాగిరేకు చుట్టింది, కళ్లు మూసుకొని ప్రార్థన కూడా చేసింది. చారలు తగ్గాయి గాని పోలేదు.

ఆ సోమవారం ఒక్క చారే కనిపించింది. ఆమె దడాలున తలుపు తీసింది. "సార్, జర ఇటు రాండ్రి! ఒక్కటే మిగిలింది!" యజమాని గోవర్ధన్ బయట బల్లలను ఆటో ట్రాలీకి ఎక్కిస్తున్నాడు. "ఈ బోర్డు ఆర్డర్ పోయింది యేసుమణీ. షెడ్డు ఖాళీ చేస్తున్నం. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే." "ఒక్కటే చార సార్," అంది మళ్లీ, మెల్లగా. ఆయన ఒక్కడే బల్ల ఎత్తలేక అవస్థ పడుతున్నాడు. యేసుమణి వెళ్లి రెండో కొస పట్టుకుంది.