రాష్ట్రపతి ఎన్నికలకు రాని బస్సు

మా చిన్నప్పుడు ఎలక్షన్లు వస్తున్నాయంటే నాయన ఇంటికి వస్తున్నాడని అర్థం...

నాయన దూరాన, పక్క రాష్ట్రంలోని భీవండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. పండక్కి సెలవు దొరికేది కాదు. కానీ సర్పంచి ఎన్నికలైనా, ఎమ్మెల్యే ఎన్నికలైనా పోటీ చేసేవాళ్లు అక్కడికి బస్సు పంపేవాళ్లు. జెండాలు కట్టుకుని అది ఊళ్లోకి వస్తుంటే వాడకట్టు పిల్లలమంతా వెనకే ఉరికేవాళ్లం. నాయన చద్దరు మూట భుజానేసుకుని దిగేవాడు, ఒంటి నిండా మిషను నూనె వాసన. ఓటేసి వచ్చి ఆ సిరా వేలితోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు. మర్నాడు మళ్లీ అదే బస్సెక్కి పోయేవాడు.

ఒకసారి బడిలో సారు రాష్ట్రపతి ఎన్నికలు వస్తున్నాయని, దేశానికంతటికీ ఆయనే పెద్ద అని చెప్పారు. ఇంకేముంది... సర్పంచికే బస్సు వస్తే దేశానికి పెద్దాయన ఎన్నికకు రాదా? ఒక్క పరుగున ఇంటికొచ్చి అమ్మకు చెప్పేశాను. అమ్మ చదువుకోలేదు. సారే చెప్పాడంటే నమ్మింది. ఎన్నిక రేపనగా వాకిలి అలికింది, గోలెం కడిగి నీళ్లు నింపింది, సందూగలోని మంచి చీర తీసి కట్టుకుంది.

సాయంత్రం ఇద్దరం రోడ్డు మీద చాయ్ హోటలు దగ్గర నిలబడ్డాం. వచ్చే బస్సు వస్తోంది, పోయే బస్సు పోతోంది... జెండాల బస్సు మాత్రం లేదు. ఎవరికోసమని హోటలాయన అడిగితే నేనే గొప్పగా చెప్పాను. పాపం, ఆయన నవ్వలేదు.

"గా ఎలచ్చన్లల్ల ఎమ్మెల్యేలు, ఎంపీలే ఓటేసుకుంటరు వదినా. మనోళ్ల ఓటుతోని పనిలేదు, బస్సెందుకస్తది?"

అమ్మ ఇంటికొచ్చి చీర మార్చుకుని, మడతపెట్టి మళ్లీ సందూగలో పెట్టింది.

"పనివడితెనే యాదికస్తమా బిడ్డా మనం" అంది.

నాయన రాలేదని ఆ రోజు ఏడ్చాను. అమ్మ అన్న మాటకు మాత్రం ఇప్పుడు ఏడుపొస్తుంది, ఇక్కడ ఎడారి దేశంలో, నేను పనిచేసే రుసైల్‌లో.

మా రూమ్‌లో సునీల్ అని శ్రీలంక అతను ఉంటాడు. వాళ్ల దేశంలో ప్రెసిడెంటును జనమే ఓటేసి ఎన్నుకుంటారట. ఎన్నికల రోజు అతని భార్య వీడియో కాల్‌లో సిరా వేలు చూపించి మురిసిపోయింది. ఫోన్ పెట్టేశాక సునీల్ తన వేలు చూసుకుంటూ కూర్చున్నాడు. బయటి దేశంలో ఉన్నవాళ్లకు ఓటేసే వీల్లేదట. వాళ్ల ఊరికీ మా ఊరికీ పెద్ద తేడా లేదనిపించింది. పనికి పంపేటప్పుడు గుర్తుంటాం... లెక్కబెట్టేటప్పుడు ఉండం.

మా ఊళ్లో ఇప్పుడు సర్పంచి ఎన్నికలు. పోటీ చేసే మా వాడకట్టు తమ్ముడొకడు మొన్న ఫోన్ చేసి, ఇంట్లో ఓట్లు తనకే పడేలా వదినకు చెప్పమన్నాడు. బస్సు పంపుతావా తమ్మీ అని అడిగాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. ఎట్లున్నావని మాత్రం వాడు అడగలేదు.

ఆ సాయంత్రమే నా బిడ్డ ఫోన్‌లో అడిగింది...

"నాయనా, ఊర్లె ఓట్లున్నయంట. మరి నువ్వస్తవా?"

ఈసారి దానికి ఎవరు చెప్పాలి, బస్సు రాదని...

ఓట్లకే ఇంటికొచ్చే మనిషి మీ ఇంట్లోనూ ఉండేవాడా? ఉంటే రాయండి. ఇవాళ శుక్రవారం, డ్యూటీ లేదు. సునీల్ కూడా నిద్రపోయాడు. నేను చదువుతూ కూర్చుంటాను.