వెనక వరుస పేర్లు

పోయిన వారం ఒక ధ్రువపత్రం కోసం బందరులో ఒక కార్యాలయానికి వెళ్ళాను. గోడకు కొత్తగా తగిలించిన ‘మా సిబ్బంది’ అనే బోర్డు మీద అధికారి మొదలు జూనియర్ అసిస్టెంటు దాకా పేర్లన్నీ పొందికగా ఉన్నాయి. అట్టడుగున మాత్రం ‘ఔట్‌సోర్సింగ్ – అయిదుగురు’ అని ఉంది. నాకు కుర్చీ చూపి, మంచినీళ్ళిచ్చి, నా కాగితం ఏ బల్ల మీద ఆగిందో వెతికి తెచ్చిన అమ్మాయి ఆ అయిదుగురిలో ఒకతె. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే, ఏ అర్జీ పెట్టినా తేదీ వేసి నకలు ఉంచుకునే నా పుస్తకం తీసి, ఆ అధికారికి ఘాటుగా ఒక లేఖ మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. పెట్టె అడుగున ఉన్న గ్రూప్ ఫోటో గుర్తుకొచ్చింది. దాని కింది రాత నాదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాగాయలంక వైపు కాలువ లాకుల దగ్గర ఒక చిన్న కచేరీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఓవర్సీయరు గారు, నేను, లాకు తలుపులు ఎత్తి దించే ముగ్గురు లస్కర్లు, అంతే మా లోకం. జీతాల పట్టీ పై కచేరీలో తయారయ్యేది కనుక, మా హాజరు పట్టీలో పాత గుమాస్తా గీసిన ఎర్రగీతకు పైన మా ఇద్దరి పేర్లూ, కింద ‘లస్కరు 1, 2, 3’ అనీ ఉండేవి. నేను స్కేలు పెట్టి ఆ గీతను మరింత తిన్నగా గీస్తూ వచ్చాను.

ఆ రెండో లస్కరును అందరూ మావయ్య అనేవారు, నేనూ అంతే. ఆయన కాపురం బందరులో. పండగకు వెళ్ళివస్తే సేమ్యా డబ్బా ముందు నా బల్ల మీదికే వచ్చేది. నీటి చప్పుడు విని ఏ తలుపు ఎన్ని అంగుళాలు లేచి ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నా రాతకోతలు చూసి, “మీరు రాసేదాకా నీళ్ళు ఆగవండీ గుమాస్తా గారూ,” అని ఆటపట్టించేవాడు.

ఓవర్సీయరు గారికి బదిలీ అయింది. బదిలీ అంటే ఆ రోజుల్లో దండలూ గ్రూప్ ఫోటో తప్పనిసరి అని మన వయసు వారికి వేరే చెప్పనక్కరలేదు. మావయ్య గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో వచ్చి వెనక వరుసలో నిటారుగా నిలబడ్డాడు. ఫోటో కోసం బందరు ఇంట్లో గుమ్మానికెదురుగా మేకు కూడా కొట్టి వచ్చానన్నాడు.

అట్ట మీద పేర్లు రాసే పని నాది. వెనక వరుసకు వచ్చేసరికి, నాలుగేళ్ళుగా మావయ్యా అని పిలుస్తున్న మనిషి అసలు పేరే నాకు తెలియదని తెలిసింది. అడగడానికి సిగ్గుపడి, ‘లస్కర్లు’ అని ఒక్క మాటతో ముగించాను.

ఆయనకు చదువు రాదు. తన ఫోటో ప్రతి చేతికి రాగానే కింద ఏముందో చదవమన్నాడు. చదివాను.

“మరి నేనెక్కడండీ?”

“లస్కర్లు అని ఉంది మావయ్యా.”

“అంటే ముగ్గుర్నీ కలిపి ఒక్క మనిషిని చేశారన్నమాట! బాగుందండీ, రేపట్నుంచి ముగ్గురికీ ఒకటే టీ పొయ్యండి,” అని నవ్వాడు. నవ్వి, ఫోటోను నా బల్ల మీదే వదిలేసి లాకుల వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫోటో, కలం పట్టుకుని లాకుల మీదికి వెళ్ళాను. ముగ్గురి పేర్లూ అడిగి, నా పుస్తకంలోకి ఎక్కించి, వాళ్ళ ప్రతుల మీద వాళ్ళ ఎదుటే రాశాను. మావయ్య పేరు షేక్ అబ్దుల్ కరీముల్లా. సిరా ఆరాక, తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా వేలితో మెల్లగా తడిమి, “ఇంత పొడుగుందా గుమాస్తా గారూ నా పేరు!” అన్నాడు. మర్నాడు హాజరు పట్టీలో ఎర్రగీత మానేశాను. నా సొంత ప్రతిని మాత్రం దిద్దకుండా ఇన్నేళ్ళు అలాగే ఉంచేశాను.

బంట్రోతు ఆఫీస్ సబార్డినేట్ అయ్యాడు, గుమాస్తా అసిస్టెంటయ్యాడు. మాటల్లో మర్యాద పెరిగింది, సంతోషమే. గీత మాత్రం చెరగలేదు. ఘాటు లేఖ కొట్టేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఆ అమ్మాయిని అడిగి అయిదుగురి పేర్లూ రాసుకుని, బోర్డు మీద చేర్చమని మర్యాదగా అర్జీ ఇచ్చి వచ్చాను. ఇంకా జవాబు లేదు.

అర్జీ ఇచ్చి వచ్చిన రోజే, పాత పుస్తకం చూసి, నా ఫోటో కింద కూడా మూడు పేర్లూ రాశాను. ఎక్కడండీ అని అడిగి, వేలు పెట్టి చూసుకునే మనిషే ఇప్పుడు లేడు.