బంక నీళ్ళలో ఇనుము

నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది. బంక చూడడం మాత్రం వచ్చు. తుమ్మబంకలో ఏది మంచిదో, ఏది బెరడు కలిసిందో వేళ్ళతో నలిపి చెప్పగలను. అందుకే, రెండు వేల సంవత్సరం దాటాక బెంగళూరులో ఒక పరిశోధనశాలలో సీసాలు కడగడానికి చేరిన నన్ను బంక ఏరడానికి కూర్చోబెట్టారు.

అక్కడి మేడం ఇనుమును కంటికి ఆనని నలుసులుగా చేసేది. ఊరికే వదిలితే అవి ఒకదానికొకటి అంటుకుని అడుగున పేరుకుంటాయట. బంక నీళ్ళలో అయితే దేనికది విడిగా నిలుస్తుందట. రక్తం తక్కువైన ఎలుకలకు దాన్ని పట్టేవాళ్ళు. పాలిపోయిన వాటి చెవులు మళ్ళీ ఎర్రబడడం నా కళ్ళతో చూశాను.

అప్పుడే బొమ్మనహళ్ళి గార్మెంట్సులో కుట్టే నా కూతురు కడుపుతో ఉంది. రక్తం లేదని ఆస్పత్రిలో ఇనుము మాత్రలిచ్చారు.

"అమా, ఇది మింగితే నోరంతా తుప్పు వాసన. కక్కుకోను లేచి లేచి సూపర్‌వైజరుతో తిట్లు తింటా ఉండాను" అనేది.

మేడాన్ని అడిగాను. "ఒక్క సీసా ఇప్పియమ్మా, నా బిడ్డకు."

"ఇది ఎలుకలకేనమ్మా. మనుషులకు పనికొస్తుందో లేదో మాకే ఇంకా తెలీదు. మాత్రలు మాత్రం మానిపించొద్దు. పడకపోతే డాక్టరుకి చెప్పండి, మారుస్తారు."

నాకు మొదటి మాటే వినబడింది. ఎలుకకున్న పాటి విలువ నా బిడ్డకు లేదా అని కడుపు మండింది.

మా అవ్వ రక్తం తక్కువైన వాళ్ళకు ఎర్రగా కాల్చిన కొడవలిని మజ్జిగలో ముంచి తాగించేది. నేను ఆ కొడవలినీ, ఈ బంకనూ కలిపాను. చిక్కపేటలో తెచ్చిన తుమ్మబంక నానబెట్టి, ఆ నీళ్ళలో కాల్చిన కొడవలి ముంచాను. గాజు గ్లాసులో పోసి సాయంత్రం దాకా చూశాను. అడుగున ఏమీ పేరుకోలేదు. అచ్చం మేడం సీసాలాగే ఉంది. నాకు అంత చాలు.

"మీ ఆఫీసు మందేనా?" అంది కూతురు.

"అదే అనుకో. గుటుక్కున మింగు."

"ఎలుకల మందు నాకు పోస్తావేమే!" అని నవ్వి తాగేసింది. వాంతి కాలేదు. ఇక రోజూ అదే పట్టాను, మాత్రలు బియ్యం డబ్బా వెనక్కి తోసేశాను.

ఎనిమిదో నెలలో మిషను మీదే ఒరిగిపోయింది. ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. తను బతికింది. బిడ్డ దక్కలేదు.

"మాత్రలు సరిగ్గా వేసుకున్నావా?" అని డాక్టరమ్మ గద్దించింది. నా కూతురు ఒకసారి నా వైపు చూసి, "వేసుకున్నా మేడం" అంది.

ఇంటికి వచ్చిన రోజు నుంచీ, నేను కాఫీ ఇస్తే చాలు, గ్లాసు పైకెత్తి అడుగున ఏమన్నా ఉందేమో చూసి గానీ తాగదు.