మా చేన్లల్ల డెన్మార్కు నడక

గా దినాల్ల, సుఖంగ కూసునుడు సుత ఎవలన్న నేర్పితేనే వస్తదనుకునేటోన్ని. ఇరవై మూడేండ్ల వయసు, చేతిల డిగ్రీ, నెత్తి నిండ జుట్టు, దాని కింద పూరాగ గాలి. నా అసొంటి తెలివిగల్లోడు రేగొండ మండలంల ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకం. (మండలంలోళ్లకు ఆ సంగతి తెల్వదు. తెల్వనందుకు వాళ్లను చూసి జాలిపడేటోన్ని.) ఇండ్లను ఎట్ల సింగారించుకోవాల్నో చెప్పే ఆన్‌లైన్ పత్రిక ఒకటి హైదరాబాదుల ఉంటే, దాంట్ల నౌకరి దొరికింది. దొరికిందంటే పూరాగ దొరకలే, కొన్ని నెలలు పరీక్ష. పని నచ్చితే పక్క (పర్మినెంటు) చేస్తరు, నచ్చకుంటే దండం పెట్టి తోలిస్తరు. బాపు సుత తన దిక్కు నుంచి ఒక షరతు పెట్టిండు: "దీపావళి దాక చూస్త. నౌకరి పక్క అయితే పట్నంలనే ఉండు, నేనేమన. కాలేదనుకో, సక్కగ వచ్చి మీ మామ ఎరువుల దుకాణంల కూసోవాలె. మల్ల నాకు కథలు చెప్పద్దు." ఆ దుకాణం తల్సుకుంటేనే నాకు పానం పోయేది. షర్టు ఇన్ చేసుకొని, మెడల ఆఫీసు కార్డు ఏసుకొని లిఫ్టుల తిరిగినోన్ని, ఇగ యూరియా బస్తాల నడుమ కూసొని పురుగుల మందు అమ్మాల్నా?

మా ఎడిటర్ సారుకు మేం వెనక పెట్టుకున్న పేరు హాయి సార్. ఏది రాసి చూపించినా "ఇందులో హాయి ఏదయ్యా?" అని అడిగేటోడు. నా రాత చూసి మాత్రం "మీ యాస వద్దు బాబూ, పాఠకుడు ఉలిక్కిపడతాడు" అని ఒక నవ్వు నవ్వేటోడు. (ఆ నవ్వు నాకు ఇప్పటికి సుత మంట.) ఒకరోజు మీటింగుల సార్ కండ్లు మూసుకొని మొదలుపెట్టిండు: "డెన్మార్క్ వాళ్లకు ఒక పద్ధతి ఉంది. శరదృతువు రాగానే ఇంట్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఉన్ని దుప్పట్లు కప్పుకుంటారు, వేడివేడి కోకో తాగుతారు. బయటికి వెళ్లి రాలిన ఆకుల మీద ఊరికే నడుస్తారు. దాన్ని హ్యూగె అంటారు. మనవాళ్లకు హాయిగా కూర్చోవడమే రాదు. ఒక తెలుగు కుటుంబం ఇదంతా చేస్తే ఎలా ఉంటుంది? ఫొటోలతో సహా కావాలి. బాగా చేసినవాడి ఉద్యోగం ఖాయం." నేను అందరికంటె ముందుగాల చెయ్యి లేపిన. సార్ డెన్మార్కు చూసిండా అని మాత్రం అడగకుండ్రి. వాళ్ల బావమరిది విమానం మారెటందుకు అక్కడ దిగిండట, బాత్రూములు మస్తు సాఫ్ ఉన్నయట.

దసరా అయినంక సంచి సర్దుకొని ఊర్లె దిగిన. మొదటి పరేషాన్ ఆకులతోని వచ్చింది. డెన్మార్కుల ఆ నెలల ఆకులు పండి రాలుతయట. మా దిక్కు చెట్లు వానకాలమంత నీళ్లు తాగి గప్పుడే నిగనిగలాడుతుంటయి, బతిమిలాడినా ఒక్క ఆకు కింద పడదు. మాకు ఆకు రాలేది శివరాత్రి ముంగట. శివరాత్రి దాక ఆగుమంటే హాయి సార్ ఆగుతడా, బాపు ఆగుతడా? ఆఖరికి గంగారం దిక్కు ఉండే దోస్తుకు ఫోన్ కొడితే, వాళ్ల పాత గుడిసె కప్పు మార్చంగ దిగిన ఎండు టేకాకులు ఒక బస్తా పంపిచ్చిండు. వాటిని వాకిట్ల అటొకటి ఇటొకటి, దేవుడే రాల్చినట్టు పరిచి, తానం చేసి వద్దామని పోయిన. వచ్చేవరకు వాకిలి అద్దం లెక్క ఉన్నది. అమ్మ మొత్తం ఊడ్చి, మూలకు కుప్ప చేసి అగ్గి పెట్టింది.

"అమ్మా! గది శరదృతువే! కాలవెట్టినవా?"

"ఏ రుతువైతే నాకేంది? పండుగ పోయి నాలుగొద్దులు గాలే, వాకిట్ల గా రోతేందిరా? చూసినోళ్లు నన్నంటరు గని నిన్నంటరా?"

బయట సంగతి గట్లయ్యిందని ఇంట్ల పని పట్టుకున్న. అక్టోబరు ఎండ మా దిక్కు ఎట్లుంటదో తెల్సినోళ్లకు చెప్పనక్కర లేదు, తెల్వనోళ్లకు చెప్పినా అర్థం కాదు. మబ్బుగ ఉండాలెనని కిటికీలు, తలుపులు అన్ని మూసిన. చుట్టు కొవ్వొత్తులు పెట్టిన. బాపుకు మఫ్లరు, అమ్మకు స్వెట్టరు, మా అవ్వకు (బాపు తల్లికి) ఆమె గొంగడే కప్పిన. కోకో ఎక్కడ తెస్త, గిలాసల నిండ పొగలు వచ్చే చాయ పోసి తలా ఒకటి ఇచ్చిన. ఫ్యాను ఏస్తే కొవ్వొత్తులు ఆరుతున్నయి, బంద్ పెడితే మనుషులు ఆరుతున్నరు. నౌకరి నాది గావట్టి ఫ్యానే బంద్ పెట్టిన. "నవ్వుండ్రి, హాయిగ ఉన్నట్టు ముఖం పెట్టుండ్రి" అంట నేను, "నౌకరి పక్క అయ్యేదాక గీ గొంగడి తియ్యద్దారా?" అంట అవ్వ. బాపు మఫ్లరు లోపల నుంచి చెమట కారి చాయల పడుతుంటే ఆ చాయనే తాగుకుంట కూసున్నడు. గంతల పక్కింటక్క కిటికీ సందుల నుంచి కొవ్వొత్తులు చూసి, మా ఇంట్ల కరెంటు పోయిందనుకొని లైన్‌మన్‌కు ఫోన్ కొట్టింది. ఆయన వచ్చి, మమ్ముల ఒక్క మాట అడగకుంట, స్తంభమెక్కి ఏదో పీకిండు. చీకటి పడేదాక మా వాడకట్టు మొత్తం డెన్మార్కు అయ్యింది. ఫొటోల్ల మావోళ్లు హాయిగ ఉన్నట్టు లేరు, పన్ను పీకిచ్చుకునెటందుకు దవాఖానల లైను కట్టినట్టున్నరు.

ఇగ మిగిలింది నడక. భూపాలపల్లిల పెండ్లి ఫొటోలు తీసే దోస్తు దగ్గర పెద్ద కెమెరా, మూడు కాళ్ల స్టాండు అడుక్కొచ్చిన. పొద్దుగాల నలుగురం చేన్లకు బయలుదేరినం. మఫ్లర్లు, స్వెట్టర్లు మల్ల అవే. "మెల్లగ నడువాలె, ఏ పని పెట్టుకోవద్దు, అటు ఇటు చూసుకుంట పోవాలె" అని దారి పొడుగుత చెప్పిన. పని లేకుంట నడుసుడు మా ఇంట్ల ఎవలకు చేతకాదని గప్పుడే తెల్సింది. అమ్మకు పగిలిన పత్తికాయ కనబడితే చెయ్యి ఆగలే, ఎవలదో చేను అయితే సుత ఏరి కొంగుల ఏసుకుంటనే ఉన్నది. అవ్వ గట్టు మీద గడ్డి పీకుడు మొదలువెట్టింది. ఎదురొచ్చిన ప్రతోడు "ఎటు పోతున్నరే?" అని అడుగుడు, బాపు "ఉత్తగనే" అని, తప్పు చేసినోని లెక్క తల దించుకునుడు. ఒకాయన బండి ఆపి "ఇంట్ల లొల్లి ఏమన్న అయ్యిందానే? ఎక్కు, దింపుత" అన్నడు.

అప్పుడు మమ్ముల డబుల్ రోడ్డు చిన్నాయిన చూసిండు. ఆయనకా పేరెందుకు వచ్చిందంటే, మా ఊరి రోడ్డు రేపో మాపో డబుల్ రోడ్డు అయితదని నా చిన్నప్పటి సంది చెప్పుకుంటనే తిరుగుతుండు. ఆయన కండ్లకు నేను కనబడలే, ఆకాశం కనబడలే, నా భుజం మీది మూడు కాళ్ల స్టాండు కనబడ్డది. మా దిక్కు చేన్ల నడుమ గట్ల స్టాండు నిలబెట్టిండ్రంటే దానికి ఒక్కటే అర్థం, సర్వే వచ్చింది, భూమి పోతది. బొగ్గు బాయికో పోతది, రోడ్డుకో పోతది. చిన్నాయిన ఫోన్ తీసిండు. మేం పిల్ల కాలువ దాక పోకముందే బండ్ల మీద జనం దిగిండ్రు.

"ఏమే అన్నా, గిట్ల చేస్తవా?" అని బాపు మీదికి వచ్చిండు చిన్నాయిన. "పట్నంల కొడుకును పెట్టి, మనోళ్ల భూములు మనోనితోనే కొలిపిస్తున్నవా? ఒక్క మాట చెప్పద్దా?"

"కొలుసుడేందిరా? నడుస్తున్నం!"

"ఎందుకు నడుస్తున్నరు?"

"ఉత్తగనే."

"ఉత్తగ ఎవడన్న నడుస్తడా? ఇంత ఉక్కల మఫ్లరేసుకొని?"

డెన్మార్కుల గిట్లనే నడుస్తరని నేను చెప్పిన. "అంటే కంపిని డెన్మార్కోళ్లదా?" అన్నడొకడు. ఇగ చూడుండ్రి తమాష. భూమి పోతదని సగం మంది తిడుతుంటే, "మాది ఎందుకు పోతలేదు, మాకు పరిహారం పైసలు వద్దా, మాదేం పాపం చేసింది, మా చేను దిక్కు స్టాండు ఎందుకు తిప్పలే?" అని మిగిలిన సగం మంది తిట్టుడు మొదలువెట్టిండ్రు. టేకుమట్ల నుంచి అల్లుడొచ్చి ఉన్నడట ఒకాయనకు, ఆ అల్లుడు నన్ను పక్కకు పిలిచి "బావా, జర మా మామ చేను సుత పట్టేటట్టు చూడు" అని చెవుల చెప్పిండు. నాకు నవ్వు ఆగుతలే.

ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలే. జనం ఎనక నుంచి పత్తి ఏరుకుంటున్న ఒకామె ఒడిల పత్తి అట్లనే పెట్టుకొని ఉరికొచ్చింది. ఆమెను మేం అత్త అనేది, మొగడు పోయినంక ఆ చేను మీదనే ఇద్దరు పిల్లలను సాదుతున్నది. నా చేతులు పట్టుకొని "బిడ్డా, నాకు గీ మూడెకరాలు తప్ప ఇంకేం లేదురా. నా చేను మీదికెల్లి గీత గీయకురా" అని ఏడ్చింది. నా మెడల ఉన్న కెమెరా గప్పుడు ఎంత బరువనిపిచ్చిందో చెప్పలేను. హాయి కోసం బయలుదేరి మనిషిని ఏడ్పిచ్చిన. సిగ్గుతోని సచ్చిన.

బాపు మఫ్లరు ఇప్పి చేన్ల ఇసిరిగొట్టిండు. "ఓ అక్కా, సర్వే లేదు, సట్టుబండలు లేదు. మా పోరని నౌకరి పక్క గావాల్నంటే మేం ఉత్తగ నడిచి, సుఖంగ ఉన్నట్టు ఫొటోలు దిగాల్నట. అందుకని వీడు మా పానం తీస్తున్నడు" అని అందరి ముంగట చెప్పేసిండు. చిన్నాయిన "నౌకరి కోసమా? గట్ల చెప్పద్దానే ముందుగాల!" అన్నడు. ఉత్తగ నడుసుడు ఎవలకు అర్థం కాలే గని నౌకరి అంటే అందరికి అర్థమైంది. అత్త కండ్లు తుడుసుకొని తన చేన్లనే కూసోమన్నది. ఎవలో మక్క కంకులు తెచ్చి కాలవెట్టిండ్రు. లొల్లి పెట్టెటందుకు వచ్చినోళ్లంత గట్ల మీద కూసొని, ఒకరినొకరు ఆడిపోసుకుంట, పొద్దెక్కేదాక పని ఎగ్గొట్టిండ్రు. ఫొటోలు దిగమంటే ఎవలు చెప్పకున్నా నవ్విండ్రు.

రాసి, ఫొటోలు జతచేసి పంపిన. జరిగింది జరిగినట్టు, సర్వే లొల్లితో సహా రాసిన. హాయి సార్ ఎన్నడు లేంది తనే ఫోన్ చేసిండు.

"బాగుందయ్యా. అన్నట్టు ఆ కంకులు కాలుస్తున్న ఫొటోలో వెనక కనిపించే చేను ఎవరిది? రోడ్డు బిట్టేనా?"

"రోడ్డు పక్కనే సార్. మా ఊరి అత్తది."

"అటు ఏదో వస్తోందంటగా?"

"ఏం రాదు సార్, అది ఉత్త పుకారు. గదే రాసిన."

"నీకు తెలియదయ్యా, నిప్పు లేకుండా జనం బండ్లేసుకుని వస్తారా? ఆవిడతో ఒకసారి మాట్లాడు. నేనూ, మా బావమరిదీ ఆదివారం కారులో వస్తాం. నీ ఉద్యోగం సంగతి అక్కడే తేల్చేద్దాం."

గీత గీయకురా అని ఆమె ఏడ్చింది నాకు యాదికొచ్చింది. "ఆమె అమ్మదు సార్. నేను అడగ" అన్న. సార్ ఫోన్ పెట్టేసిండు. వారానికి వ్యాసం వచ్చింది, సార్ పేరు మీద, ఎవలో తెల్లోళ్ల ఫొటోలతోని. నా నౌకరి పక్క చేయకపోవడానికి రాసిన కారణం ఒక్క ముక్క: నాలో ప్రశాంతత లేదట.

ఎంతో గొప్ప పని చేసినట్టు వచ్చి బాపుకు చెప్పిన. శబాష్ అంటడనుకున్న. బాపు నన్ను కిందికెల్లి మీదికి చూసి, "ఓరి పిచ్చోడా, అడుగుత అంటే ఏం పోతుండెరా? ఆమె ఎట్లన్న అమ్మదాయె, నీ నౌకరి పక్క అయితుండె. నడువు, మామ దుకాణం తెరిసే యాళ్లయ్యింది" అన్నడు.

గట్ల దుకాణంల కూసున్నోన్ని, మల్ల లేవలే. ఇప్పుడు జనగామల నా సొంత దుకాణం, పెండ్లాం, ఒక బిడ్డ. మొన్న దసరాకు కారుల ఊరికి పోతుంటే బిడ్డ "బాపూ, ఆపవా జర" అన్నది. ఆపిన. దిగి చూస్తే రోడ్డు పొడుగుత పత్తి చేన్లు తెల్లగ పగిలి ఉన్నయి, సల్లటి గాలి వస్తున్నది, దూరంగ ఎవలో పాడుకుంటున్నరు. మనసు ఎంత నిమ్మలమైందో. నడుం మీద చేతులు పెట్టుకొని, గట్టిగ ఊపిరి తీసుకొని, నేనన్న మాట ఇది: "మంచి రోడ్డు బిట్టు. ఎవలదో కనుక్కోవాలె."

బిడ్డ నా ముఖం దిక్కు చూసింది. "ఎవలదైతే ఏంది బాపూ?" అన్నది. నా పెండ్లాం మొఖం తిప్పుకొని కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గని, ఆ నవ్వుల ఎక్కడ్నో కొంచెం కలుక్కుమన్నది. స్టాండు భుజానేసుకొని తిరిగిన ఆ గాలి పోరడు గినక ఆ గట్టు మీద ఎదురుపడితే, వాన్ని నేను గుర్తుపడుదునేమో గని, వాడు మాత్రం నన్ను గుర్తుపట్టడు.