సీతాఫలో

నాకు స్పానిష్ వచ్చని నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఒకరోజు ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర, పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ, మా మేనమామ కాకినాడ రేవులో స్పెయిన్ ఓడ వంటవాడికి గుత్తివంకాయ నేర్పి, బదులుగా వాళ్ల భాష నేర్చుకొచ్చాడనీ, చిన్నప్పుడు నన్ను ఆ భాషలోనే తిట్టేవాడనీ మాత్రం అన్నాను. అందులో మేనమామ నిజం, రేవు నిజం. మిగతాది ఆవకాయ ఘాటుకి దానంతటదే వచ్చింది.

ఆ మాట మేనేజరు గారి చెవిన పడుతుందని నాకేం తెలుసు?

తొంభైలు ముగిసిపోతున్న రోజులవి. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. అలాంటి ఒక మేడలో నేను అడ్మిన్ గుమాస్తాని. వయసు పాతిక, నోరు మాత్రం యాభై. మేనేజరు గారిది కర్నూలు వైపు. శనివారం పొద్దున్నే పిలిచారు.

"ఏమప్పా, నీకు స్పానిష్ వచ్చంట గదా?"

"ఏదో కొద్దిగా అండి."

"కొద్దిగా చాలు. వచ్చే శుక్రవారం స్పెయిన్ నుంచి క్లయింట్లు వస్తాండారు. తోటలో ప్రతి చెట్టుకూ వాళ్ల భాషలో పేరు రాపించి బోర్డు పెట్టల్ల. పేరు దొరకనిది ఏదన్నా ఉంటే అది పిచ్చి మొక్క కింద లెక్క. పీకి పారేపిచ్చు, గడ్డి ఏపిస్తాం."

తోట చూసుకునేది గోపన్‌పల్లి నుంచి నడిచొచ్చే అవ్వ. విషయం చెప్పగానే ఆమె చూపు గేటు పక్కనున్న బండ మీదికి పోయింది. ఆ బండ నెర్రెలోంచి ఒక సీతాఫలం పొద లేచి ఉంటుంది. ఎవరూ నాటింది కాదు. ఒకప్పుడు ఈ గుట్టల నిండా అవే. ఆమె కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆ కాయలే కోసి గంపకెత్తుకుని అమ్మింది. బుల్డోజర్లు అన్నీ ఊడ్చుకుపోగా మిగిలింది ఇదొక్కటే. మధ్యాహ్నం సద్దిమూట విప్పేది దాని నీడనే.

"దీన్ని పీకుతరా సారూ?"

"పేరు దొరికితే పీకరు అవ్వా."

"పేరు లేకేం? సీతాఫలం."

"అది మన పేరు. స్పెయిన్ పేరు కావాలి."

"గా దేశపోళ్లకు సీతాఫలమే ఎర్కలేదా? మరేం తిని బతుకుతున్నరు పాపం?" అని, "మీ మామ నిన్ను తిట్టేటప్పుడు ఒక్క చెట్టు పేరన్న పెట్టి తిట్టలేదా?" అంది.

నా మేనమామ కీర్తి తోట దాకా పాకిందన్నమాట.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తవ్వితే, అట్ట లేని ఇంగ్లీషు-స్పానిష్ నిఘంటువు దొరికింది. గన్నేరుకి అదెల్ఫా. చింతకి తమరిందో. టేకుకి తేకా, మన మాటే కాస్త షికారుకెళ్లి వచ్చినట్టు. నారింజ దగ్గర నాకు జ్ఞానోదయమైంది. పండు నరంజా, చెట్టు నరంజో! దానిమ్మా అంతే. పండు గ్రనాదా, చెట్టు గ్రనాదో. పండుకి ఆ, చెట్టుకి ఓ. ఇంతేనా స్పానిష్!

సీతాఫలం మాత్రం లేదు. ఇంగ్లీషులో దాన్ని కస్టర్డ్ ఆపిల్ అంటారు కదా. ఆ పుస్తకంలో కస్టర్డ్ ఉంది, ఆపిల్ ఉంది, రెండూ కలిసి ఎక్కడా లేవు. గురువారం సాయంత్రం దాకా వెతికి, చివరికి సొంత వ్యాకరణాన్ని నమ్ముకున్నాను. నారింజ నరంజో అయినప్పుడు, సీతాఫలం సీతాఫలో ఎందుకు కాకూడదు? బోరబండ పెయింటర్ చేత ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాయించి, బండ ముందు పాతించాను.

శుక్రవారం ఇద్దరు అతిథులు వచ్చారు. వాళ్లలో నెరిసిన మీసాలాయన ప్రతి బోర్డూ పైకి చదువుతూ, తల ఊపుతూ నడిచాడు. నారింజ దగ్గర "నరాన్హో" అన్నాడు. మేనేజరు గారు నా వైపు ఉరిమి చూశారు. నేనప్పటిదాకా అందరికీ 'నరంజో' అనే చెప్పాను మరి.

"మా మామది రేవు యాస సార్," అన్నాను మెల్లగా.

తర్వాత బండ దగ్గరికి వచ్చాం. అవ్వ పార పట్టుకుని పొద పక్కనే నిలబడి ఉంది. మీసాలాయన బోర్డు ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆయన వంగి, ఆకులు తప్పించి, కళ్లు విచ్చుకున్న కాయనొకదాన్ని చూశాడు. చూసి, గుట్ట ప్రతిధ్వనించేలా అరిచాడు:

"చిరిమోయా!"

అవ్వ పార పడేసి పొదకు అడ్డంగా చేతులు చాపింది. "ఏంది, మొయ్యాల్నా? ఏడికి మొయ్యాలె? పీకి మొయ్యమంటుండా సారూ? పానం పోయినా మొయ్య!"

ఆయన మొయ్యమనడం లేదు. నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు: వాళ్ల దేశానికి దక్షిణాన, కొండవాలులో, వాళ్ల తాతకి ఈ పండ్ల తోటే ఉండేదట. అక్కడి కాయ కాస్త నునుపు. ఇది దాని చెల్లెలట.

మేనేజరు గారు నా మీదికి తిరిగారు. "ఆయప్ప చిరిమోయా అంటాండాడు. నువ్వు సీతాఫలో అని రాపిస్తివే?"

"ఆయన చెప్పింది పండు సార్. నేను రాయించింది చెట్టు. పండుకి ఆ, చెట్టుకి ఓ."

నన్ను నమ్మక ఆయన అతిథినే అడిగారు. మీసాలాయన నా భుజం తట్టి, నిజమే, పండు చిరిమోయా, చెట్టు చిరిమోయో అన్నాడు. నన్ను అంబారీ ఎక్కించి మాదాపూర్ నుంచి బోరబండ దాకా ఊరేగించినంత పనైంది. మరి 'సీతా' ఏమిటని మేనేజరు గారు అడిగితే, ఇక్కడి జాతి పేరన్నాను. అది మాత్రం పచ్చి నిజం.

అవ్వ పండిన కాయ కోసిచ్చింది. ఆయన టై భుజం మీదికి వేసుకుని, బండ మీద కూర్చుని తిన్నాడు. ఒక గింజని ప్రహరీ దాటేలా ఉమ్మాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

"దీనికి కంచె ఏపిచ్చప్పా," అన్నారు మేనేజరు గారు. "ఒక్క కొమ్మ ఇరిగినా నిన్నే అడుగుతా."

కొత్త బోర్డు రాయించేటప్పుడు అవ్వ పెయింటర్ పక్కనే నిలబడింది. చిరిమోయో కింద తెలుగులో ఇంకొక మాట రాస్తే గానీ కదలనంది. రాయించాను: మొయ్యొద్దు.

కొన్నాళ్లకి తెలుగు చదవడం రాని కొత్త మేనేజరొచ్చి, ఆ రెండో మాట ఏమిటని నన్నడిగాడు. చెట్టు ఇంటిపేరు సార్, అన్నాను.